ఆళ్లగడ్డలో మూత వేయని తొట్టి

2023 వేసవి సంగతి ఇది. నంద్యాలలో బస్టాండుకు పోయే దారిలో నాకు అక్వేరియం అంగడి ఉంది. ఒక పక్క సెల్‌ఫోన్ రిపేరు, ఇంకో పక్క ఎరువుల కొట్టు, మధ్యలో నేను. మొదట్నుంచీ మామూలు చేపల తొట్లు అమ్ముకుని బతికినవాణ్ని. కొన్నేళ్లుగా ఉప్పునీటి తొట్లు కూడా కట్టిస్తున్నాను. వీటిని మా వ్యాపారంలో మెరైన్ ట్యాంకులంటారు. సముద్రం ఎక్కడో, మేమెక్కడో. ఎండాకాలం తారు కాళ్లకు అంటుకునే ఊళ్లో సముద్రపు చేపను బతికించేదేమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీ. బతికించి చూపించాను.

ఈ తొట్టి పెట్టుకునే ప్రతివాళ్లూ నన్ను అడిగే మాట ఒకటుంది. పైన మూత వేయాలా, తెరిచి ఉంచాలా? రెండింటికీ లెక్కలున్నాయి. మూత వేస్తే నీళ్లు ఆవిరి కావు, చేప బయటికి దూకదు, ఉప్పు చిమ్మి గోడల మీద తెల్లగా పేరుకోదు. తెరిచి ఉంచితే నీళ్లు చల్లబడతాయి, గాలి బాగా ఆడుతుంది. బయటి గాలి నీళ్లలో కలిసి, లోపలి చెడ్డ గాలి బయటికి పోవడాన్ని గ్యాస్ ఎక్స్‌ఛేంజ్ అంటాం. అది ఆగితే చేపకు ఊపిరి ఆగినట్టే.

చల్లటి ఊళ్లలో ఉండేవాళ్లు అద్దం మూత వేసుకుని హాయిగా ఉంటారు. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో అద్దం మూత వేస్తే చేపల పులుసు తయారవుతుంది. అందుకని నేను సన్నటి నెట్ మూత చెబుతాను. చేప దూకదు, గాలి ఆగదు. నీళ్ల మీదికి ఒక చిన్న ఫ్యాను తిప్పి పెట్టి, ఆవిరైన మేరకు ఉప్పులేని మంచినీళ్లు పోస్తూ ఉంటే సరిపోతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి మళ్లీ ఉప్పునీళ్లు పోయకూడదు. ఈ మాత్రం తెలిస్తే చాలు, ఈ ఎండల్లో కూడా తొట్టి నిలబడుతుంది.

వీరాచారిది ఆళ్లగడ్డ. గుళ్లకు విగ్రహాలు చెక్కించే షెడ్డు ఉంది. ఆ ఊళ్లో రాతిపని చేసేవాళ్లు చాలామంది, వాళ్లలో జాగ్రత్తగా చేసేవాళ్లూ ఉన్నారు, అందరినీ ఒక గాటన కట్టి నేను మాట్లాడటం లేదు. నేను చెప్పేది ఈ ఒక్క షెడ్డు మాట. దాన్ని ఆనుకునే కొత్తగా కట్టుకున్న ఇల్లు. హాల్లో వాళ్ల నాయన మంచం. ఆయన్ను ఊళ్లో అందరూ పెద్దాచారి అంటారు. ఒకప్పుడు ఆయన చెక్కిన విగ్రహం ముఖం చూడటానికే దూరాల నుంచి వచ్చేవాళ్లట. నేను చూసేనాటికి ఆయన మంచం దిగలేడు. పక్కన కాన్సంట్రేటర్ అనే మిషను ఆడుతూ ఉండేది. గదిలోని గాలిని లాగి, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి, సన్నటి గొట్టం ద్వారా ముక్కుకు అందించే మిషను అది. అది ఆగితే ఆయనకు ఊపిరాడదు.

"మా నాయనకు పొద్దు పోవడంలేదన్నా. టీవీ చూస్తే తలనొప్పి అంటాడు. ఏదన్నా అందంగా ఉండేది ఆయన కండ్ల ముందర పెట్టాల" అని వీరాచారి నా అంగడికి వచ్చి అడిగాడు. ఆ మాట నాకు నచ్చింది. కొడుకుకు తండ్రి మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనను. ఇప్పుడూ అనను.

మంచానికి ఎదురుగా తొట్టి పెట్టాను. రెండు క్లౌన్ చేపలు, ఒక ఫైర్ ఫిష్. క్లౌన్ చేపలు ఒకదాని వెంట ఒకటి పడుతూ ఉంటే పెద్దాచారి వాటికి అత్తాకోడండ్లని పేరు పెట్టాడు. ఫైర్ ఫిష్ వీపు మీద పొడుగాటి రెక్క లేచి ఉంటుంది కాబట్టి అది పిలకోడు. నేను నెట్ మూత బిగిస్తుంటే వీరాచారికి నచ్చలేదు.

"ఏందన్నా ఇది, కోళ్లగంప మూసినట్ల? ఇంత అందంగా కట్టించుకుని దీని నెత్తిన దోమతెర యాల?"

"పిలకోడు బెదిరితే దూకుతాడు ఆచారీ. నెట్ లేకుంటే పొద్దన్నే బండల మింద ఎండిపోయి ఉంటాడు."

పెద్దాచారి మంచం మీంచి నవ్వాడు. నవ్వితే ఆయనకు దగ్గొస్తుంది, అయినా నవ్వాడు. "ఉండనీరా. వాడు దూకి యాడికి పోతాడు, నేను దూకి యాడికి పోతా" అన్నాడు.

కొన్నాళ్లకు వీరాచారి ఫోను చేశాడు. "అన్నా, బేగా రా. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాండాయి." బస్సెక్కి శిరివెళ్ల మీదుగా పోయాను. చూద్దును కదా, నీళ్ల మీద బూడిదరంగు పొర. వేలితో తీసి రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరు కంటే సన్నం. ఫిల్టరులో నీళ్లు వడగట్టడానికి తెల్లటి దూది పెడతాం. అది తీస్తే తడిసిన సిమెంటు ముద్దలా ఉంది. నెట్ చేపను ఆపుతుంది గానీ ఇంత సన్నటి పొడిని ఆపదు. హాలు కిటికీకి అవతలే షెడ్డు. గ్రైండర్లు కీచుమని అరుస్తున్నాయి, తెల్లటి దుమ్ము మేఘంలా లేచి కిటికీలోంచి లోపలికి వస్తోంది.

"ఇది రాతిపొడి ఆచారీ" అన్నాను.

"పొడి యాడ లేదన్నా? మాకు అన్నంలో గూడా ఉంటాది" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు అప్పుడే చిర్రెత్తింది. కానీ అప్పటికి దిగమింగుకున్నాను.

కిటికీ దగ్గరికి పోయి చూశాను. మద్దిలేటి అనే శిల్పి ఒక విగ్రహం ముఖం చెక్కుతున్నాడు. నలభై దాటిన మనిషి. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు, కానీ ప్రతి రెండు మూడు దెబ్బలకూ తువ్వాలు కిందికి లాగి, రాతి మీదికి వంగి, ఫూ అని నోటితో ఊదుతున్నాడు. ఊదిన పొడి అంతా లేచి వాడి ముఖానికే కొడుతోంది.

"నీళ్లు చల్లుకుంటా చేస్తే పొడి లేయదు గదప్పా?" అని అడిగాను.

"నీళ్లు పడితే గీత పోతాదన్నా. జాజుతో గీసింది." జాజు అంటే ఎర్రమన్ను. రాయి మీద దానితో గీతలు గీసుకుని ఆ గీతల వెంట చెక్కుతారు. "గుడ్డతో తుడిచినా పోతాది. అందుకే ఊదేది" అన్నాడు. అని దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలిసిన దగ్గే. నా వెనక మంచం మీద వింటున్నదే.

వీరాచారితో రెండు మాటలు చెప్పాను. గ్రైండర్లు షెడ్డుకు అవతలి కొసకు మార్చు, మధ్యలో టార్పాలిన్ పట్ట కట్టు అన్నాను. "లైన్లు మార్చాల, ఆర్డర్లుండాయి, పని ఆగిపోతాది" అన్నాడు. "దాని బదులు అద్దం మూత ఏస్తా. పొడి పడదు గదా?"

"పొడి పడదు. చేపలు ఉడుకుతాయి. నా మాట విను" అన్నాను. విన్నట్టే తలూపాడు.

మే నెలలో మళ్లీ ఫోను. ఈసారి వాడి గొంతులో కోపం. "నువ్వేం పెట్టినావన్నా తొట్టి? చేప సచ్చిపాయ. మా నాయన అన్నం ముట్టడంలే." పోయి చూస్తే నేను భయపడినట్టే ఉంది. నెట్ తీసేసి అద్దం మూత బిగించాడు. అది చాలదన్నట్టు అంచుల వెంట టేపు కూడా వేశాడు. అద్దానికి లోపల చెమటలు. నీళ్లలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. క్లౌన్ చేపల్లో ఒకటి పోయింది, రెండోది అడుగున పడి ఆయాసపడుతోంది. పిలకోడు రాళ్ల సందులో దాక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పిన మాట వినకుండా చంపడమూ, చంపి నన్ను అనడమూ! టేపు పీకేశాను. మూత తీసి, ఫ్యాను పెట్టి, ఐసు నింపిన సీసా ఒకటి నీళ్లలో తేలేసి, వేడి నెమ్మదిగా దిగేదాకా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను.

అప్పుడు మిషను పీప్ పీప్ అంది. పసుపురంగు లైటు వెలిగింది. వీరాచారి భార్య లలితమ్మ వంటింట్లోంచి వచ్చి బటను నొక్కి నోరు మూయించింది.

"ఎప్పుడూ ఇంతేనన్నా. కరెంటు తక్కువొచ్చినప్పుడు అట్ల మొత్తుకుంటాది" అంది.

నాకొక అలవాటుంది. ఏ మిషను చూసినా దాని ఫిల్టరు ఎక్కడుందా అని కళ్లు వెదుకుతాయి. చేపల పని చేసేవాడి బతుకంతా ఫిల్టర్లు కడగడమే. మిషను వెనక చిన్న స్పాంజి కనిపించింది. లోపలికి పోయే గాలిని వడగట్టేది. లాగితే రాలేదు. గోరుతో తవ్వి తీశాను. అది స్పాంజిలా లేదు, రాతి పలకలా ఉంది. నేల మీద కొడితే బూడిదరంగు పొడి కుప్పగా రాలింది.

నా తొట్టి దూదిలో ఉన్నదే ఇదీ. ఆ మనిషి ఊపిరి ఆడక మిషను పెట్టుకుంటే, ఆ మిషనుకు కూడా ఊపిరి ఆడటం లేదు. లలితమ్మ చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఇది కడగాలని మాకెవురూ చెప్పలేదన్నా" అంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. వెంటనే తీసుకుపోయి కడిగింది. ఆరేదాకా ఉండలేక పిండి పిండి తుడిచి, తడి లేదని నాకు రెండుసార్లు చూపించి, తిరిగి పెట్టింది. లైటు పచ్చగా మారింది. పెద్దాచారి ముఖం కాస్త తేటపడింది.

వీరాచారిని పిలిచాను. చేతులకూ జుట్టుకూ పొడితోనే వచ్చాడు. నేల మీద కుప్ప చూపించాను. ఆ కుప్ప దాటి వాడి చూపు తొట్టి మీదికి పోయింది.

"ఆ రెండోదన్నా బతుకుతాదాన్నా? మా నాయనకు ప్రాణం అవి. నువ్వు చెప్పినట్లే చేస్తా. చేపల కోసం గ్రైండర్లు అవతలికి మారుస్తా, పట్ట కట్టిస్తా. ఇప్పుడే మనుషుల్ని పంపుతా."

ఇక దిగమింగుకోలేకపోయాను.

"చేప కోసం మారుస్తావా? ఈ కుప్ప యాడిదో తెలుసా నీకు? మీ నాయన ముక్కుకు పెట్టిన మిషన్‌ది! జీవితమంతా ఈ పొడి పీల్చే ఆయన పండుకున్నాడు. మిషన్ పెట్టి మళ్లీ అదే పొడి లోపలికి తోస్తాండావ్. చేప ఒకటి సచ్చేసరికి నీకు కండ్లు తెరుచుకున్నాయా?"

"పెద్దమాటలొద్దన్నా. అది ముసలితనం ఆయాసం. మా తాతకూ వచ్చె, మా పెద్దనాయనకూ వచ్చె. మాయింట్లో మగోళ్లందరికీ వస్తాది."

"అందరికీ యాల వస్తాదో ఎప్పుడన్నా ఆలోచన చేసినావా? మీ ఇంట్లో ఆడోళ్లకు యాల రాలేదు? మద్దిలేటి మీ ఇంటోడా? వానికీ వచ్చిందే!"

వాడి ముఖం నల్లబడింది. "నువ్వు చేపల పని చూసుకో అన్నా. రాతిపని మాకు నేర్పొద్దు" అని విసురుగా బయటికి పోయాడు. నేనూ సంచీ సర్దుకున్నాను. ఈ ఇంటి గడప మళ్లీ తొక్కేది లేదనుకున్నాను.

పెద్దాచారి చెయ్యి ఎత్తి రమ్మన్నాడు. దగ్గరికి పోతే మంచం మీద కూర్చోమన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడాడు.

"వాన్ని అనొద్దప్పా. ఊదేది నేర్పిందే నేను. కన్ను చెక్కేటప్పుడు తుడవద్దురా, ఊదు, గీత పోతాదని... వానికి నేనే చెప్పినా. మద్దిలేటికీ నేనే చెప్పినా. వాడు నేను చెప్పినట్లే చేస్తాండాడు."

నేను సంచీ కింద పెట్టాను.

"ఇప్పుడు నేను మానుకోమంటే ముసలోని చాదస్తం అంటాడు. నువ్వు చెప్పు. రాయి తడిపి కోయకుంటే చేపలు బతకవని చెప్పు. పట్ట ఒకటే చాలదు, నీళ్లు గూడా పడాలని చెప్పు. చేపల మాటైతే వింటాడు."

"మనిషి కోసం చేయనిది చేప కోసం చేయించాల్నా పెద్దాయనా? ఇదేం న్యాయం?"

"ఎవురి కోసమైతే ఏందప్పా. మద్దిలేటికి ఆడపిల్లలుండారు. వాడు పీల్చేది తగ్గుతాది గదా."

నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మండుతుంది. మనిషి గాలి పీల్చుకోవాలంటే చేప పేరు చెప్పి అడుక్కోవాలా? అయినా అడిగాను. షెడ్డులోకి పోయి, కోపమంతా దిగమింగుకుని, అరిగిన రికార్డులా చెప్పాను. తడిపి కోయకపోతే మిగిలిన చేపలు కూడా పోతాయన్నాను. అందులో అబద్ధం లేదు. వీరాచారి నా ముఖం చూడకుండానే సరేనన్నాడు.

తర్వాతి వారం పోతే గ్రైండర్లు అవతలి కొసకు పోయాయి. షెడ్డుకూ ఇంటికీ మధ్య నీలంరంగు పట్ట వేలాడుతోంది. బ్లేడు మీద నీళ్లు సన్నగా కారేటట్టు పైపు కట్టారు. మరి గీత? జాజు బదులు నీళ్లకు పోని పెయింటుతో గీసుకున్నారు. అంతే. తాతల నాటి నుంచి ఊపిరితిత్తుల్లో రాళ్లు మోసుకున్న ఇంటికి మందు ఒక పెయింటు డబ్బా. అది చూసి సంతోషపడాలో, తల బాదుకోవాలో నాకు తెలియలేదు. తొట్టికి మళ్లీ నెట్ పెట్టాను. నీళ్లు తేటగా ఉన్నాయి. పెద్దాచారి ఒంటరి క్లౌన్ చేపను చూపించి, "అత్త పాయ, కోడలికి పెత్తనమొచ్చె" అన్నాడు.

వానాకాలం ముగిసేలోపు ఆయన పోయాడు. పోయేదాకా మంచం తొట్టి వైపే తిప్పి ఉంచమన్నాడని లలితమ్మ చెప్పింది. ఆ పొడి ఆయనలోకి చేరి ఎన్నేళ్లయిందో, పట్ట కట్టినంత మాత్రాన ఆగేది కాదది.

కర్మకాండలు అయ్యాక వీరాచారి ఫోను చేశాడు. "తొట్టి తీసకపో అన్నా. చూస్తాంటే మా నాయన గుర్తొస్తాండాడు." నిజమే అనుకున్నాను. చేపలకు సంచులు, డబ్బాలు పట్టుకుని పోయాను. ఇంటి దగ్గర ఆటో దిగుతుంటేనే గ్రైండరు కీచుమన్న శబ్దం వినిపించింది. చెవికే తేడా తెలిసింది, తడి రాయి అట్లా అరవదు. పట్ట మడిచి మూలన పెట్టారు. పైపు చుట్ట చుట్టి దాని మీద పడేశారు. మద్దిలేటి తువ్వాలు కిందికి లాగి ఒక అమ్మవారి కన్ను మీద ఊదుతున్నాడు.

"ఏంది ఆచారీ ఇది?" అన్నాను.

"నువ్వు చేపల్ని తీసకపోతాండావ్ గదన్నా. ఇంక పట్టెందుకు? తడిపి కోస్తే పని లేటవుతాది" అన్నాడు మామూలుగా. అంత మామూలుగా అనకపోయుంటే నేను ఊరుకునేవాణ్నేమో.

డబ్బాలు అక్కడే నేల మీద పడేశాను. ఆ పట్ట చేపల కోసం కట్టించింది కాదని చెప్పాను. మీ నాయన నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని ఏమన్నాడో మాట మాటా చెప్పాను. నీకు చెబితే వినవని, చేపల పేరు పెట్టుకుని నీ షెడ్డు వాళ్ల ప్రాణం కాపాడమని చెప్పాడన్నాను. ఊదడం నేర్పింది తనేనని ఏడ్చినంత పని చేశాడన్నాను. నా అరుపులకు గ్రైండర్లు ఆగాయి. మద్దిలేటి ఉలి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"మా నాయన అన్న్యాడా ఆ మాట?" అన్నాడు వీరాచారి.

"అన్నాడు. ఇంక చేపల్ని నేను తీసకపోను. ఈడనే ఉంటాయి. అద్దం మూత ఏసేదీ లేదు, తెరిచే ఉంటాది. పొడి పడితే అవి సస్తాయి. సస్తే నీ పాపం. ఈసారి నన్ను పిలవొద్దు."

వీరాచారి తనే పోయి మూలనున్న పట్ట ఎత్తుకున్నాడు. "మద్దిలేటీ, ఆ కొస పట్టుకో" అన్నాడు. ఇద్దరూ కట్టారు. నేను పైపు విప్పి కొళాయికి తగిలించి, నీళ్లు బ్లేడు మీద పడేదాకా నిలబడి, సెలవని కూడా చెప్పకుండా వచ్చేశాను.

ఇది జరిగాక నా పనిలో ఒక మార్పు వచ్చింది. ఎవరైనా తొట్టికి మూత వేయాలా, తెరిచి ఉంచాలా అని అడిగితే ముందు వాళ్ల ఇంటికి పోయి గాలి చూస్తాను. మిరప గోదాము పక్కిల్లా, రైసుమిల్లు పక్కిల్లా, రాతి షెడ్డు పక్కిల్లా? నీళ్ల మీద ఏ పొర తేలుతుందో, ఆ ఇంటి మనుషుల లోపలికి పోయేదీ అదే. మూత వేసుకుని చేపను కాపాడుకుని సంతోషపడేవాళ్లకు ఆ మాట మొహం మీదే చెబుతాను. కొందరికి నచ్చదు, వేరే అంగడికి పోతారు. పోనీ.

నెలకోసారి ఆళ్లగడ్డ పోతున్నాను. పట్ట ఉంది, నీళ్లు పడుతున్నాయి, చేపలు బాగున్నాయి. మద్దిలేటి దగ్గు మాత్రం తగ్గలేదు. పోయినసారి నేను నీళ్లు మారుస్తుంటే కిటికీ దగ్గర నిలబడి చూశాడు. "ఆ పొడంతా ఎంత సులభంగా తీసేస్తాండావన్నా" అన్నాడు. నీళ్లలోంచైతే తీయగలను మద్దిలేటీ అన్నాను. తర్వాతి మాట అనలేక, వంగి తొట్టి అద్దం తుడుచుకుంటూ ఉండిపోయాను.